శుక్రవారం రీడింగులు

మా పడవలో బ్యాటరీ వెనకబల్ల కింద పెట్టెలో ఉంటుంది. పదహారు సెల్లులు, ఒక్కొక్కటీ లావుపాటి పుస్తకమంత. డీజిల్ ఇంజను తీసేసి కరెంటు మోటారు పెట్టించినప్పుడు, బిగించినాయన ఒక్కటే మాట చెప్పాడు. పదిహేను సెల్లులు నిండుగా ఉన్నా ఒక్కటి ఖాళీ అయితే చాలు, మోటారు ఆగిపోతుంది. అందుకని పదహారూ సమానంగా ఉండేలా చూసుకోవాలి. అంతర్వేది దగ్గర జనాన్ని గోదావరి దాటించేవాడికి నడిమధ్యలో మోటారు ఆగడమంటే ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆటు వేళయితే నీరు నేరుగా సముద్రం వైపు లాక్కుపోతుంది.

సెల్లుల మధ్య తేడా ఛార్జింగు పూర్తిగా నిండాకే బయటపడుతుంది. కాబట్టి వారానికోసారి నిండా ఎక్కించి, పెట్టె మూత తీసి, ఒక్కో సెల్లుకూ మీటరు ఆనించి చూడాలి. ఎక్కువ చూపించినదానికి చిన్న బల్బు తగిలించి కాస్త తగ్గించాలి, తక్కువ చూపించినదానికి విడిగా కాసేపు ఛార్జింగు పెట్టాలి. మీటరు తీగలు రెండు, నాకున్న చేతులూ రెండే. రాయడానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి నా భార్య.

ఆవిడ బల్ల మీద కూర్చుని ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకునేది. నేను చదివేవాణ్ని, ఆవిడ రాసేది. "ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలా చదువుతారేంటండీ" అని నవ్వేది. నాకు చిర్రెత్తుకొచ్చేది. చిర్రెత్తడం నా పనీ, నవ్వడం ఆవిడ పనీ, పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే.

తర్వాత ఆవిడ కువైట్ వెళ్లింది, ఒకరింట్లో వంట పనికి. ఇంటికి స్లాబు వేసేదాకా, రెండేళ్లే అంది. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. వెళ్లేటప్పుడు బట్టలతో పాటు ఆ నోటుపుస్తకం కూడా పెట్టెలో సర్దుకుంది. "మీ దగ్గరుంచితే తడిపేస్తారు. మీరు ఫోన్లో చదవండి, నేను రాస్తాను" అంది. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంటివాళ్లు బయటికెళ్తారు, ఆవిడకి ఒక గంట దొరుకుతుంది. నేను పడవని రేవులో కట్టేసి, ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచి పెట్టె విప్పేవాణ్ని.

మామూలు రోజుల్లో మా ఫోను రెండు ముక్కల్లో అయిపోయేది. "తిన్నారా?" "తిన్నాను. నువ్వు?" "ఆయ్." ఆ తర్వాత ఏం మాట్లాడాలో నాకు తోచదు. నువ్వు లేక ఇల్లు బావురుమంటోందని చెప్పాలని ఉంటుంది, నోరు రాదు. శుక్రవారం మాత్రం అలా కాదు. మూడో సెల్లు చదివాక ఆ ఇంటి ముసలమ్మగారి పంతాలు వచ్చేవి. ఆరోది చదివాక అక్కడి చేపల్లో రుచి లేదని వచ్చేది. ఒకసారి పదోదానికీ పదకొండోదానికీ మధ్య, ముందురోజు అక్కడ వాన పడిందని, కిటికీ దగ్గర నిలబడి ఏడ్చానని చెప్పింది. నేను పదకొండోది చదివాను. అంతకంటే ఏం చెయ్యగలను?

మొన్న వానాకాలంలో ఎనిమిదిమంది ఎక్కి ఉండగా పడవ నడిగోదారిలో ఆగిపోయింది. ఎప్పుడూ తక్కువ చూపించే ఏడో సెల్లు ఖాళీ అయిపోయింది. తప్పు నాదే, ఆ వారం బద్ధకించి దానికి విడిగా ఛార్జింగు పెట్టలేదు. ఇంకో పడవవాళ్లు తాడు విసిరి ఒడ్డుకి లాగారు. ఆవిడకి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను.

ఆవిడ గొల్లుమంది. "వాటంతటవే సమానం చేసుకునే మిషను ఉందంట కదండీ. అది పెట్టించేదాకా నాతో మాట్లాడకండి" అని ఫోను పెట్టేసింది.

మర్నాడే అమలాపురం వెళ్లి తెచ్చి బిగించాను. అరచేయంత ఉంటుంది. వారం తిరిగేసరికి పదహారు సెల్లులూ ఒకే అంకె చూపించాయి, మూడు పాయింట్ ఐదు సున్నా. నాలుగోది చదివేసరికి ఆవిడ అడిగింది, "అన్నీ అంతేనాండీ?"

"అన్నీ అంతే."

"హమ్మయ్య. ఇంక రాసే పనే లేదు."

నిజంగా సంతోషపడింది. ఆ సంతోషంలో మాటలు కూడా తొందరగా అయిపోయాయి. ఫోను పెట్టేశాక ఇంకా ముప్పావుగంట మిగిలింది, నేను ఆ బల్ల మీదే కూర్చున్నాను. ఆ మిషనుని పీకి గోదాట్లో పారేద్దామన్నంత కోపం వచ్చింది.

తర్వాతి శుక్రవారం అబద్ధం ఆడాను. మిషను సరిగ్గా పనిచెయ్యట్లేదన్నాను. ఆవిడ కంగారుగా పుస్తకం తీసింది. నోటికొచ్చిన అంకెలు చదివాను, రెండోది కాస్త తక్కువ, ఐదోది కాస్త ఎక్కువ. మళ్లీ ముసలమ్మగారు వచ్చింది, చేపలు వచ్చాయి, నా గంట నాకు తిరిగొచ్చింది. ఆవిణ్ని భయపెడుతున్నానని సిగ్గుగానే ఉండేది, కానీ మానేటంత సిగ్గు లేదు. కొన్ని వారాలు పోయాక పెట్టె విప్పడం కూడా మానేసి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని చదివేవాణ్ని.

ఈమధ్య ఒక శుక్రవారం ఏడోది చదివాను. "మూడు పాయింట్ ఐదు ఆరు."

"ఏడోది ఎక్కువ చూపించిందేంటండీ? ఎప్పుడూ అదే కదా అన్నిటికంటే తక్కువ" అంది.

నేను టీ గ్లాసు పక్కకి జరిపాను.

"పెట్టె మూత తీసిన చప్పుడు కూడా లేదు. రెండు నెలల్నించీ లేదు."

మామూలుగా అయితే అక్కడ అరిచేవాణ్ని. దొరికిపోయినప్పుడు అరవడం నాకు అలవాటు. ఆ రోజు అరవలేదు. "మరి తెలిసి కూడా ఎందుకు రాస్తున్నావే?" అన్నాను.

"రాయట్లేదండి. పుస్తకం ఎప్పుడో నిండిపోయింది."

అప్పుడు అనేశాను. ఇన్నేళ్లుగా ఒక్కసారి కూడా అనలేకపోయిన మాట. "వచ్చెయ్యవే."

ఫోను కట్టయిందేమోనని చేతిలోకి తీసుకుని చూశాను. కట్టవలేదు. అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"ఎనిమిదోది చెప్పండి" అంది.

చెప్పాను.

"తొమ్మిది?"

నాకు నోరు పెగల్లేదు.

"మెల్లిగానే చెప్పండి" అంది. "వాళ్లు రావడానికి ఇంకా అరగంట ఉంది."