ఎర్ర బుట్టలో కానుక

ఆ రోజుల్లో ఆమదాలవలసలో కొట్టంటే మాకు ఒక బల్ల, బల్ల వెనక ఒక మనిషి, ఆ మనిషి వెనక చీకటి. మనకు కావలసింది ఆ చీకట్లోనే ఎక్కడో ఉంటుంది. అడిగితే వస్తుంది, అడగకపోతే రాదు. (ప్రార్థన కూడా ఇంతే కదా అని సండే స్కూల్లో నేనొకసారి అంటే, మెచ్చుకోవాలో మొట్టికాయ వెయ్యాలో తెలియక టీచరమ్మ ఊరుకుంది.) అలాంటి ఊళ్లో, స్టేషను రోడ్డు మీద, పాత రైసు మిల్లు పడగొట్టిన చోట గాజు తలుపుల సూపర్ మార్కెట్ ఒకటి లేచింది. విశాఖపట్నంలో వీధికొకటి, విజయనగరంలో పేటకొకటి ఉన్నాయట ఆ కంపెనీవి. ఇప్పుడు మా వంతు. అద్దాలకు అంటించిన కాగితాలు ఇంకా తియ్యకముందే రైలు దిగినవాళ్లు సంచులు భుజాన వేసుకుని, ఆటోలు ఎక్కడం మానేసి, ఆ కాగితాల సందుల్లోంచి లోపలికి తొంగి చూసేవారు. చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవారు. ఎందుకు తగ్గించేవారో వాళ్లకే తెలియదు.

ఆ మిల్లులోనే మా నాన్న బస్తాలు తూచేవాడు. మిల్లు మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్నాడు. నేను డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంటున్నాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకోకుండా ఉండటానికి చాలా కష్టపడేవాళ్లం, ఎందుకంటే ఇల్లు చిన్నది. మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, ప్రతి తెల్లవారీ నా ఉద్యోగం కోసం దేవుణ్ణి గట్టిగా అడిగేది. ఎంత గట్టిగా అంటే, ఈ పిల్లకు ఇంకా పని దొరకలేదన్న సంగతి వీధి మొత్తానికీ రోజూ తాజాగా తెలిసేది. చివరికి నాన్న పని పోయిన చోటే నాకు పని దొరికింది. మామ్మ దాన్ని దేవుడి నడిపింపు అంది. నేనూ అదే అంటాను, ఇప్పటికీ.

పని ఏమిటంటే, తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు ఎర్ర ప్లాస్టిక్ బుట్ట అందించడం. విశాఖపట్నం నుంచి వచ్చిన మేనేజరు (ఎప్పుడూ అద్దంలా మెరిసే బూట్లు వేసుకోవడంతో మా అందరికీ ఆయన 'బూట్ల సారు') నాకు మరీ మరీ నేర్పాడు. బుట్ట రెండు చేతులతో పట్టుకోవాలి, తల కొంచెం వంచాలి, చిన్నగా నవ్వాలి, "వెల్కమ్ మేడమ్" అనాలి. మొదటి మూడూ నాకు నేర్పక్కర్లేదు. నేను పదో తరగతిలో ఉన్నప్పటి నుంచీ మా చర్చి సంఘంలో, ఆరాధనప్పుడు ఆడవాళ్ల వైపు డబ్బులు వేసే కానుక బుట్ట పట్టేది నేనే. రెండు చేతులూ, వంచిన తలా, పెదవుల మీద ఉండీ లేనట్టుండే నవ్వూ అప్పుడే వచ్చేశాయి. "అబ్బ, నీకు ముందే ఎక్స్‌పీరియన్స్ ఉన్నట్టుందే!" అని బూట్ల సారు మెచ్చుకున్నాడు. ఎక్కడి అనుభవమో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

చిక్కల్లా జనం లోపలికి రాకపోవడం. బయట నిలబడి చూసేవారు, పిల్లలకు చూపించేవారు, వెళ్లిపోయేవారు. లోపలికి అడుగు పెడితే కొని తీరాలేమోనని కొందరికి, ఇంత తెల్లటి నేల మీద నడవొచ్చో లేదోనని కొందరికి భయం. సారు కంగారు పడిపోయి, "నెలాఖరుకు మీలో సగం మందినే ఉంచమంటారు. మీ మీ వాళ్లను తీసుకురండమ్మా," అన్నాడు. నేను వెళ్లి మా అయ్యగారికి, అంటే మా సంఘ కాపరికి, సంగతి చెప్పాను. ఆయన చాలా మెత్తటి మనిషి. ఆ ఆదివారం ఆశీర్వాదం అయ్యాక, "మన పిల్ల పని చేస్తున్న చోటును మనం ఒకసారి చూసి రావడం మంచిది," అన్నారు. అంతే. సంఘం అంతా ఇంటికి కూడా వెళ్లకుండా, మేము గుడి అనే ఆ చర్చి నుంచి నేరుగా బయలుదేరింది.

నేను అప్పటికే ముందు వరసలోంచి లేచి పరిగెత్తుకొచ్చి, యూనిఫాం చొక్కా తొడుక్కుని, బుట్ట పట్టుకుని నిలబడ్డాను. గాజు తలుపు అవతల వాళ్లు కనిపించారు. ముందు మామ్మ, వెనక మా చిన్నత్త, ఆ వెనక తెల్లచీరలు, తలల మీద ముసుగులు. ముసుగు తియ్యాలని ఒక్కరికీ తోచలేదు. మెట్ల దగ్గర అందరూ ఆగి, చెప్పులు విడిచి, గుళ్లో పెట్టినట్టే వరసగా పెట్టారు. తలుపు తియ్యగానే లోపలి చల్లగాలి వాళ్ల ముఖాలకు కొట్టింది. మామ్మ కళ్లు మూసుకుని, ముసుగు ఇంకాస్త ముందుకు లాక్కుని, కుడికాలా ఎడమకాలా చూసుకోకుండా లోపలికి వచ్చింది. నేను రెండు చేతులతో బుట్ట చాపి, తల వంచాను. నోట్లోంచి "వెల్కమ్" రాలేదు. మామ్మను మేడమ్ అనడం ఎలా?

బుట్టలో టంగుమని చప్పుడైంది.

చూస్తే కొంగు ముడిలోంచి తీసిన నాణెం. మామ్మ ఒక క్షణం చేతులు జోడించి, నన్ను దాటి లోపలికి వెళ్లిపోయింది. చిన్నత్త ఏమీ అనుమానించకుండా తన ముడి విప్పింది. ఆమె వెనక ఇంకొకామె అప్పటికే విప్పి పట్టుకుని ఉంది. టంగు, టంగు, టంగు. (మీరు ఆపొచ్చు కదా అంటారు. కానుక పట్టేటప్పుడు మాట్లాడకూడదని నాకు చిన్నప్పటి నుంచీ నేర్పారండీ.) చివర్లో వచ్చిన ఒకామె, సంఘంలో ఎప్పటిలాగే, మడత పెట్టిన నోటును అందరికీ కనిపించేలా వేసి వెళ్లింది.

లోపల మావాళ్లు నడుస్తున్న తీరు నాకు ఈనాటికీ కళ్లకు కట్టినట్టుంది. వేలెత్తి చూపిస్తున్నారు గానీ ముట్టుకోవడం లేదు. గుళ్లో కూర్చునే అలవాటు కొద్దీ ఆడవాళ్లు ఎడమవైపు సందులోకి, మగవాళ్లు కుడివైపు సందులోకి విడిపోయారు. పాపం మగవాళ్ల వాటాకు షాంపూలూ గాజుల పెట్టెలూ వచ్చాయి.

"ఒలమ్మో, ఇన్ని పప్పులేటి! కందిపప్పుకే ఒక ఈది ఉన్నాదే!" అంది చిన్నత్త, గుసగుసగా.

"ఏటి కావాలని ఎవులూ అడగరేటి?" అంది మామ్మ. "మనకి నచ్చింది మనమే తీసుకోడమేనా? మరి కావిలి ఎవులు కాస్తారు?"

"అదిగో, పైన కెమెరా ఉన్నాది. అన్నీ సూస్తాది," అంది చిన్నత్త.

మామ్మ తల ఎత్తి ఆ నల్లటి గుండును చూసింది. "పైనుంచి సూస్తన్నాడన్నమాట," అంది నెమ్మదిగా. "మరింకే. గుళ్లో ఉన్నట్టే ఉండండి."

తరవాత ఆమె ఉప్పు దగ్గర ఆగిపోయింది. మామ్మ పుట్టిల్లు నౌపడ. పెళ్లికి ముందు ఉప్పుమడుల్లో పనిచేసింది. అరికాళ్లలో ఆ పగుళ్లు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు ఆ కాళ్లతోనే చలవరాతి నేల మీద నిలబడి, దీపాల కింద తళతళలాడుతున్న ఉప్పు పొట్లాలను చూస్తోంది. ఒకటి తీసింది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుంది. "సూడే, ఉప్పు ఎంత ముస్తాబయినాదో! ఒక్క రవ్వ మట్టి నేదు," అంది. బైబిల్లో షేబదేశపు రాణి రాజుగారి వైభవం చూసి నోట మాట రాక నిలబడిపోయిందని మా అయ్యగారు చెప్పినప్పుడల్లా, ఆ రాణి నాకు మా మామ్మ ముఖంతోనే కనిపిస్తుంది.

సరిగ్గా అప్పుడే బూట్ల సారు నా బుట్టలోకి చూశాడు.

"ఏంటిది?"

"డబ్బులు సార్."

"అది కనిపిస్తోంది. కస్టమర్ల దగ్గర తలుపు దగ్గరే వసూళ్లు మొదలెట్టావా? వైజాగ్‌లో తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఆ కార్డు ఇక్కడ పెట్టి ఇంటికెళ్లు."

మెడలో కార్డు తియ్యబోతే తాడు జడకు చిక్కుకుంది. ఇంట్లో నాన్న ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కా అది. సాయంత్రం ఆయన ముఖం ఎలా చూడాలో తెలియక, చిక్కు తియ్యడానికి కావలసినదానికన్నా ఎక్కువసేపు తీసుకున్నాను. ఈలోగా చిన్నత్త పరిగెత్తి వెళ్లి చెప్పినట్టుంది. ఉప్పు పొట్లాన్ని అలాగే గుండెకు ఆనించుకుని మామ్మ వచ్చేసింది.

"ఏటి బాబూ, మా గుంటని ఎందుకు ఎల్లిపొమ్మంతన్నావు?"

"అది కాదు అమ్మా, మీ దగ్గర డబ్బులు అడిగింది..."

"అది నోరిప్పిందేటి? నానే ఏసినాను."

"ఎందుకు వేశారండీ? ఇది షాపు అమ్మా. గుడి కాదు."

"కొట్టని నాకు తెలీదేటి?" అంది మామ్మ. సంఘమంతా సందుల్లోంచి వచ్చి చుట్టూ చేరింది. "నీ కొట్లో ఎలుగు సూసినాను, సల్లదనం సూసినాను. ఇన్ని దినుసులు నా జన్మల సూడనేదు. ఇదంతా ఎవులు పండించినారు, నువ్వా? దేవుడిస్తేనే గదా! మరి కృతజ్ఞత సెప్పుకోవద్దేటి? గుళ్లో ఏస్తే కానుకా, ఇక్కడ ఏస్తే తప్పా?"

సారు బుట్టను మామ్మ ముందుకు చాపాడు. చాలా దీనంగా, "సరే, తప్పు కాదు. మరి ఇప్పుడు ఇవి తీసేసుకోండి," అన్నాడు.

సంఘం మొత్తం ఒకేసారి ఊపిరి లోపలికి పీల్చుకుంది. "ఇచ్చింది ఎనక్కి తీసుకుంతారేటి బాబూ!" అని చిన్నత్త చెంపలు వేసుకుంది. సారు బుట్ట పట్టుకుని బిల్లింగ్ కౌంటరు దగ్గరకు వెళ్లాడు. అక్కడి అబ్బాయి కంప్యూటరులో పైకీ కిందికీ వెతికి, "సార్, కానుకకు కోడ్ లేదు," అన్నాడు. అమ్మిన సరుకు లేకుండా డబ్బు గల్లాపెట్టెలోకి వెళ్లదు. ఇచ్చినవాళ్లు తీసుకోరు. బుట్టను కింద పెట్టడానికి కూడా ఆయనకు ధైర్యం చాల్లేదు. రెండు చేతులతో, కొంచెం వంచిన తలతో, అచ్చంగా నాకు నేర్పిన పద్ధతిలోనే నిలబడిపోయాడు. మేనేజరు చేతుల్లో బుట్ట చూసి, అప్పుడే లోపలికి వచ్చిన ఎవరో రైలు ప్రయాణికుడు జేబు తడుముకున్నాడు కూడా.

అప్పుడు అయ్యగారు షాంపూల సందులోంచి ముందుకు వచ్చి, "ప్రార్థన చేసుకుందాం," అన్నారు. ఆ కొట్టును, పండించినవాళ్లను, మోసినవాళ్లను, అమ్మేవాళ్లను పేరుపేరునా దేవుడి చేతుల్లో పెట్టారు. మిల్లు పోయి ఇంట్లో కూర్చున్నవాళ్లను కూడా మరిచిపోలేదు. బిల్లు యంత్రాల కూతలు ఆగిపోయాయి. ఫ్రిజ్‌ల హోరు తప్ప చప్పుడు లేదు. నేను కొంచెం కన్ను తెరిచి చూశాను (చూడకూడదు, తెలుసు). సారు కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. అందరూ ఆమెన్ అన్నాక, కాస్త ఆలస్యంగా ఆయనా అన్నాడు.

ఆ తరవాత మావాళ్లు కొన్నారండీ! దేవుడి ముందు పెట్టిన కొట్టు కాబట్టి ఇక భయం లేదన్నట్టు, ముట్టుకుని, వాసన చూసి, నలుగురినీ అడిగి మరీ కొన్నారు. మామ్మ ఉప్పు ఒక్కటే కొంది. బయట మెట్ల మీద చెప్పులు అన్నేసి ఉండటం చూసి, లోపల ఏదో బ్రహ్మాండం జరుగుతోందనుకుని రోడ్డు మీది జనం కూడా వచ్చేశారు. సాయంత్రానికి సారు నా కార్డు నా చేతికే ఇచ్చి, "నిన్ను ఉంచుతాను. కానీ బుట్ట మాత్రం పట్టుకోకు," అని బియ్యం దగ్గర నిలబెట్టాడు.

కానుకతో పాటు ఆ ఎర్ర బుట్టను కూడా అయ్యగారు పొరపాటున గుడికి పట్టుకుపోయారు. నేను తిరిగి ఇవ్వబోతే సారు చేతులు జోడించి, "వద్దమ్మా, అక్కడే ఉండనీ," అన్నాడు. మా పాత వెదురు బుట్టకు అడుగు ఊడిపోతున్న రోజులు. తరవాతి ఆదివారం అదే ఎర్ర బుట్ట నా చేతికి వచ్చింది. వారమంతా కొట్లో నిలబడిన అలసట. మామ్మ ముందు బుట్ట చాపి, తల వంచి, చిన్నగా నవ్వి, నాకు తెలియకుండానే "వెల్కమ్ మేడమ్," అన్నాను. గుడిలో ఆడవాళ్ల వైపు ముసుగులన్నీ వణికాయి. మామ్మ మాత్రం నవ్వలేదు. నాణెం వేసి, "వస్తన్నాను, వస్తన్నాను," అంది.

ఇప్పుడు నేను భోగాపురం దారిలో అంతకు నాలుగింతలు పెద్ద కొట్టును చూసుకుంటున్నాను. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. బుట్ట అందించే మనిషే లేదు. మామ్మ వెళ్లిపోయి చాలా కాలమైంది. ఆ రోజు ఆమె నిజంగానే కృతజ్ఞతతో వేసిందా, గుడి అలవాటున వేసి నా ఉద్యోగం కోసం ఆ మాటలు అప్పటికప్పుడు అల్లిందా అని నేను అడగలేదు. అడిగితే చెప్పేది కాదు. పొద్దున్నే దీపాలన్నీ వేశాక, జనం రాకముందు, ఉప్పు వరస దగ్గర కాసేపు చెప్పులు విడిచి నిలబడతాను. నా కింద పనిచేసే అమ్మాయిలు మేడమ్‌కు కాళ్లు నొప్పులనుకుంటారు. ఆ రోజు తాడు చిక్కు తీసుకుంటూ ఏడుపు ఆపుకున్న పిల్ల నాకు అక్కడే కనబడుతుంది. దానికి తల వంచి "వెల్కమ్ మేడమ్" అనబోయి, నవ్వొచ్చి, మళ్లీ చెప్పులు తొడుక్కుంటాను.