నెత్తి మీద బోర్లించిన గ్లాసు

హైటెక్ సిటీ భవనాలు లేస్తున్న రోజుల్లో కొత్తగూడలో నాది టీ బండి. అక్షరం ముక్క రాదు. అక్షరాలు నేర్చుకోమని రోజూ నా వెంటపడే, కోస్తా నుంచి వచ్చిన కంప్యూటర్ కుర్రాడొకడు, తన విదేశీ రెయిన్‌కోటులోకి నీళ్లు రావని, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుందని గొప్పలు చెప్పాడు.

"అబద్ధం! నీళ్లు కారితే కోటు నాది. కారకపోతే నీ దగ్గర అక్షరాలు నేర్చుకుంట."

వేడినీళ్ల గ్లాసు మూతికి కోటు గుడ్డ బిగించి, పైన కళ్లద్దాలు పట్టుకున్నాడు. వాటికి ఆవిరి పట్టింది.

"గుడ్డలో కంటికి కనబడని రంధ్రాలున్నాయి పిన్నిగారూ. ఆవిరి దూరుతుంది, నీటిబొట్టు పట్టదండి."

"గంత నమ్మకముంటే నీ నెత్తి మీదనే బోర్లించు!"

కళ్లు మూసుకుని బోర్లించాడు. చుక్క రాలలేదు.

మర్నాడు పాఠం మొదలవగానే వాన పట్టుకుంది. "పలక తడిస్తే అక్షరాలు పోతయి బిడ్డా" అంటూ కోటు లాక్కుని కప్పుకున్నాను. తడుస్తూనే 'అ' దిద్దించాడు.