ఓబుళేశు బండి వైపరు మోటారు

కర్నూలు ఉల్లిగడ్డల మార్కెట్లో పెద్దవీ చిన్నవీ వేరుచేసే కూలిపని మద్దమ్మది. మా వీధిలోనే ఇల్లు. మొగుడు ఓబుళేశు అదే మార్కెట్‌కు చిన్న లగేజీ బండి తోలేవాడు. మూడేళ్ల కిందట మూటలు దించుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు. బండి మాత్రం ఇల్లు చేరి వాకిట్లో నిలబడిపోయింది. కొంటామని ఎందరు వచ్చినా మద్దమ్మ ఇవ్వలేదు. ప్రతి శుక్రవారం కడిగి, అద్దానికి బొట్టు పెట్టేది. తుప్పు పడుతుంది, అమ్మెయ్యరాదా అని నోరుజారి నేనూ చీవాట్లు తిన్నాను.

"మీ ఇంట్లో మనిషి పోయినాక చెప్పక్కా, అప్పుడు నీ మాట ఇంటా" అంది.

కూతురు మధులత పాలిటెక్నిక్ ఆఖరు సంవత్సరం. ఉల్లిగడ్డలు వేరుచేసే యంత్రాన్ని ప్రాజెక్టుగా ఎంచుకుంది. తల్లి నడుము నొప్పి చూసే ఎంచుకుంది, నాకు తెలుసు. చిల్లుల డ్రమ్ము తిరుగుతుంటే చిన్నగడ్డలు కిందికి రాలాలి, పెద్దవి ముందుకు పోవాలి. చౌకగా వచ్చిందని బజారులో ఓ బుల్లి మోటారు కొన్నది. అది ఖాళీ డ్రమ్మును గిర్రున తిప్పింది గానీ, గడ్డలు పోయగానే మూలిగి, కమురు వాసన కొట్టి చచ్చింది. నిదానంగా, బలంగా తిరిగేది కావాలి, పాత బండి వైపరు మోటారైతే చాలు అన్నారు మేష్టారు. పాత సామాన్ల అంగళ్లలో దొరికినవన్నీ అరిగిపోయినవే.

అరగనిది వాకిట్లోనే ఉంది. మా సీమలో వైపరుకు పనేముంటుంది? "దీనిది అల్లుని కొలువు, కూచోబెట్టి మేపాల్సిందే" అని ఓబుళేశు ఎగతాళి చేసేవాడు. చినుకు పడితే చాలు, కూతుర్ని ఒళ్లో పెట్టుకుని వైపరు వేసి చూపించి మురిసిపోయేవాడు.

ఆ పిల్ల నోరు తెరిచి అడగలేదు, ఊరికే బండి చుట్టూ తిరిగింది. చివరికి మద్దమ్మే స్పానరు తెచ్చి చేతిలో పెట్టింది.

"పరీచ్చ అయినాక మల్లా ఈడనే బిగించాల. మీ నాయన బండి కుంటిది కాగూడదు."

"బిగిస్తాలేమ్మా."

యంత్రం బాగా తిరిగింది. చూడటానికి కాలేజీకి పోయిన మద్దమ్మ, రాలే గడ్డల్ని చూడనే లేదు. మోటారు మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. మధులత పాసయింది. అప్పుడు తెలిసింది, పిల్లలు చేసిన ప్రాజెక్టులు కాలేజీకే చెందుతాయట. ముందుగా చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. పిల్ల ఎన్నిసార్లు అడిగినా ఉత్తచేతులతో, ఏడ్చుకుంటూ వచ్చింది. ఇక మద్దమ్మే నన్ను తోడు తీసుకుని బయలుదేరింది.

స్టోరు రూములో డ్రమ్ము ఓ మూల దొర్లి ఉంది. మోటారు ఉండాల్సిన చోట వైర్లు వేలాడుతున్నాయి.

"ఈ ఏడు పిల్లోళ్లు వేరే మిషనుకు పీక్కున్యారమ్మా" అన్నాడు స్టోరు చూసే ప్రేమయ్య.

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు చేసుకోబోతే మద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తిరుగుతాండాదా అన్నా?"

"శానా బాగా తిరుగుతాండాది."

"అట్లయితే ఉండనీ. మా ఇంటాయప్పకు ఊరికే కూచోను చేతగాదు."

 ఆ సాయంత్రం చాన్నాళ్లకు వాన పట్టుకుంది. బయటికి చూస్తే మద్దమ్మ తడుస్తూ బండి ముందు నిలబడి, కొంగుతో అద్దం తుడుస్తోంది. తుడిచిన చోటల్లా మళ్లీ నీళ్లు కారుతున్నాయి. నాకు ఏడుపు ఆగలేదు.

"లోపలికి పా మద్దమ్మా, జరమొస్తాది" అన్నాను.

ఆమె చెయ్యి ఆపలేదు.

"ఆయప్పకు దోవ కనపడాల గదక్కా" అంది.