కుయా తాసియో రెండో నమూనా

మా కుయా తాసియో ఏ విషయాన్నీ ఒక్కసారికి నమ్మడు. ల్యాబులో అందరికీ పెద్దన్నలాంటివాడు కాబట్టి ‘కుయా’. గేదెల తోక వెంట్రుకల కుదుళ్లలోంచి మేం రాబట్టిన జన్యు గుర్తుల్లో తప్పొప్పులు పట్టడం ఆయన పని. ఉద్యోగం వల్ల అనుమానం వచ్చిందో, అనుమానం చూసి ఉద్యోగమిచ్చారో ఇప్పటికీ తేలలేదు.

క్యాంటీన్‌లో చింతపండు పులుసు ఎలా ఉందని అడిగితే, రెండో నమూనా చూడకుండా చెప్పలేనని ఇంకో గిన్నెడు పట్టించేవాడు. మా అమ్మాయి బాప్తిస్మంలో ఫాదర్ నీళ్లు పోయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, ఆడపిల్లేనని సరిచూశారా అని అడిగాడు. మా ఆవిడ ఆర్నెల్లు ఆయనతో మాట్లాడలేదు.

ఆ ఏడు విత్తనపు పోతుల జాబితాలో ఆలింగ్ ఇలూమినాదా అనే పెద్దావిడ పెంచిన బాగ్విస్ అనే దున్నపోతు ఉంది. భర్త పోయాక ఆవిడ ఆశలన్నీ దాని మీదే. తీరా చూస్తే కంప్యూటరు అది ఆడగేదె అంటోంది. నియమం ప్రకారం పేరు కొట్టెయ్యాలి. ఆ వెంట్రుకలు పీకి తెచ్చిన నేనే కొట్టెయ్యబోయాను.

“కొట్టెయ్యడం నీకు నిమిషం పని. పెంచడం ఆవిడకి మూడేళ్ల పని,” అన్నాడు కుయా. “పద, రెండో నమూనా తెద్దాం.”

సెలవు రోజున, జోరువానలో మోటారు ట్రైసికిల్ ఎక్కి ఆవిడ ఊరెళ్లాం. బాగ్విస్ మగవాడేనని వెనకనుంచి చూడగానే తెలిసిపోయింది. కుయా మాత్రం రెండుసార్లు చూశాడు. తర్వాత తోక పట్టుకున్నాడు. చివర పట్టుమని పది వెంట్రుకలు లేవు.

“మావాడు ఇందులోంచే ముప్పై పీకాడా, ఆలింగ్ ఇలూమినాదా?” అని మెల్లగా అడిగాడు.

ఆవిడ తల వంచుకుంది. నేను వెళ్లింది సాన్ ఇసిద్రో పండుగ మర్నాడు. పండుగకి గేదెలకు నూనె రాసి, ముస్తాబు చేసి, ఊరేగించి చర్చి ముందు మోకరిల్లిస్తాం కదా.

“మావాడి తోక మరీ పలచన, నాయనా. నలుగురూ నవ్వుతారని పక్కింటి గేదె వెంట్రుకలు పీకి కట్టాను.”

అంటే నేను శ్రద్ధగా పీకి తెచ్చింది సవరం!

రెండో నమూనాలో బాగ్విస్ మగవాడేనని తేలింది, జాబితాలో పేరు నిలిచింది. పై అధికారి సంజాయిషీ అడిగితే కుయా ఇలా రాశాడు: “మొదటి నమూనా ఈ పోతుది కాదు. రెండోది దాని సొంత తోకది.” అందులో అబద్ధం లేదు. సవరం ఊసూ లేదు, పీకినవాడి పేరూ లేదు. ఆయన అనుమానం ఎప్పుడూ అంకెల మీదే గానీ మనుషుల మీద కాదని అప్పుడర్థమైంది. నాకు సిగ్గేసింది. ఆయన మీద ప్రేమా పుట్టుకొచ్చింది.

వారం తిరక్కుండా ఆలింగ్ ఇలూమినాదా ల్యాబుకి సుమాన్, అదే అరిటాకులో చుట్టి ఉడికించిన జిగురుబియ్యపు మిఠాయి, తెచ్చింది. కుయా ఒకటి తిని, కళ్లు మూసుకుని, ఏదో చెప్పబోయాడు.

ఆవిడ అప్పటికే సంచిలోంచి ఇంకో పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టింది.

“రెండో నమూనా,” అంది.