మేతకెళ్లిన ఫోన్లు

తుఫాను వెళ్లిన నాలుగో రోజు ఉదయం ఆరున్నరకు, కోటబొమ్మాళి దాటి సముద్రం పక్క ఊళ్లో దిగాం. ఆర్మీ సిగ్నల్స్ వాళ్లం, ఆరుగురం. రెండు రేడియో సెట్లు, ఒక జనరేటర్, ఇరవై రోజుల రేషన్. కొబ్బరిచెట్లన్నీ నేలమీద ఉన్నాయి. తాటిచెట్లు మాత్రం నిలబడ్డాయి. బడి వరండాలో సెట్ బిగించాం. గంటకోసారి రిపోర్టు పంపాలి. సొంత కబుర్లకు సెట్ ముట్టకూడదని హవల్దారు ఆర్డరు.

మాది గరివిడి. సర్వీసులో ఉంటూనే దూరవిద్యలో డిగ్రీ రాశాను. మా ఇంట్లో పదో తరగతి దాటినవాళ్లే లేరు. మేం దిగేసరికి ఫలితాలు వచ్చి వారమైంది. ఇంగ్లీషు పేపరు భయంతో నేనింకా చూసుకోలేదు. తప్పితే, మళ్లీ రాయడానికి ఆన్‌లైన్ ఫారం మర్నాడు సాయంత్రం ఐదులోపు పంపాలి. లేదంటే ఏడాది పోతుంది.

ఫోనులో ఒక్క గీత లేదు. టవరు పడమటి కొండకు అవతల ఉంది. మధ్యలో ఇసుక దిబ్బ, దానిమీద సరుగుడు తోట. సిగ్నల్ మా తలల మీదుగా సముద్రంలోకి పోతోంది. నా పనే అది కాబట్టి నాకు తెలుసు. ఊరికి ఇంకా బాగా తెలుసు.

అప్పన్న మావ కల్లు గీసే మనిషి. ఆ రోజుల్లో ఇళ్ల కప్పులకు ఆకు కొట్టడానికి తాటిచెట్లెక్కేవాడు. ఊరివాళ్ల ఫోన్లు చేపలబుట్టలో వేసుకుని పైకి తీసుకెళ్లేవాడు. మెసేజ్ రాసి, పంపే మీట నొక్కి ఇస్తే చాలు. పైన వాటంతటవే వెళ్లేవి, కొత్తవి దిగేవి. ఫోన్లు మేపడం అనేవారు దాన్ని. ఛార్జింగు మా జనరేటర్ దగ్గర.

మర్నాడు నేనే ఎక్కబోయాను. మనిషెత్తు ఎక్కి జారాను. ఛాతీ గీరుకుపోయింది.

"తుపాకీ పట్టుకున్నోడివి, తాటిసెట్టు పట్టుకోనేవేటి బావూ? ఇలాగియ్యి," అన్నాడు మావ.

ఊళ్లోకి రాకముందే తెరిచి ఉంచుకున్న ఫలితాల పేజీలో నా నంబరు కొట్టి ఇచ్చాను. పైకెళ్లాక ఏ బొమ్మ మీద నొక్కాలో చూపించాను. పదకొండు దాటింది. సముద్రం మీంచి చినుకులు మొదలయ్యాయి. వాన ముదిరితే పైన కూడా సిగ్నల్ నిలవదు. మావకు చదువు రాదు. తప్పిన పేపరు ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు ఏమైనా ఉందా అని కిందనుంచి అరిచాను.

హవల్దారు కూడా సెట్ వదిలి వచ్చి చెట్టు కింద నిలబడ్డాడు.

"ఎరుపేటీ నేదు బావూ. అంతా పచ్చే. వరి ఊడ్సిన మడిలాగున్నాది."

ఫోను దిగాక నాలుగుసార్లు చదువుకున్నాను. ఇంగ్లీషు, నలభై మూడు. పాస్. పన్నెండు గంటల రిపోర్టు హవల్దారే పంపాడు. చివర్లో తన ఆర్డరు తనే తప్పాడు. "ఇక్కడ అంతా క్షేమం. మా ఆపరేటర్ గ్రాడ్యుయేట్. ఓవర్."

పద్దెనిమిదో రోజు కోటబొమ్మాళిలో రైలెక్కాం. అది జరిగి ఏళ్లయింది. ఇప్పుడు యూనిఫాం లేదు, ఫోనులో గీతలు నిండుగా ఉన్నాయి. నా డిగ్రీ సంగతి అడిగినవాళ్లకూ చెబుతాను, అడగనివాళ్లకూ చెబుతాను. చెప్పిన ప్రతిసారీ ఆ తాటిచెట్టే కళ్లముందుకొస్తుంది. మట్టల మధ్య, నడుముకు మోకు తాడుతో, బోడితల మీద వాన పడుతుంటే, తన తలపాగా విప్పి నా ఫోనుకు కప్పిన అప్పన్న మావ.