సల్లగైతేనే సల్ల

మాస్టారు పోయారని ఆదివారం పొద్దున వాళ్ళ చర్చి పెద్ద ఫోన్ చేసి చెప్పారు. ఆరాధనకు తయారై, చెప్పులు వేసుకోవడానికి కుర్చీలో కూర్చున్నారట, మళ్ళీ లేవలేదట. నాగారంలో మా ఇంటి మెట్ల మీద నిలబడి "ఏ మాస్టారండీ?" అని అడిగాను. తెలియక కాదు. ఆయన ఇంకెవరి పేరైనా చెబుతారేమోనని.

లాల్‌గడి మలక్‌పేట్‌లో వాళ్ళింటికి వెళ్ళేసరికి వాకిట్లో షామియానా వేస్తున్నారు. మా శిక్షణ కేంద్రం విద్యార్థులు అప్పటికే వచ్చి గోడవారగా నిలబడి ఉన్నారు. ఘనా వాళ్ళు, నేపాల్ వాళ్ళు, టాంజానియా నుంచి వచ్చిన ఒకాయన. మాస్టారి భార్యను నేను అక్కా అని పిలుస్తాను. అక్క నా రెండు చేతులూ పట్టుకుని, "సల్లగ పోయిండు మేడం. ఎవలినీ పరేషాన్ చెయ్యలే" అంది. ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు. మాస్టారి నోట ఆ 'సల్లగ' అన్న ఒక్క మాట వినడానికి ఎన్ని దేశాలవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడ్డారో నేను కళ్ళారా చూశాను. ఈ నాలుగు ముక్కలూ ఆ సంగతి చెప్పడానికే.

శామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డు మీద మా కేంద్రం. పరాయి దేశాల వాళ్ళు కొన్ని నెలలు ఉండి చేతిపనులు నేర్చుకుని వెళ్తుంటారు. నా పని వాళ్ళకు ఇంగ్లీషు సరిచేయడం, మాస్టార్లకూ వాళ్ళకూ మధ్య మాట అందించడం. కాకినాడ నుంచి వచ్చినదాన్ని కాబట్టి ముందు ఇక్కడి తెలుగు నాకే ఎవరైనా అందించాల్సి వచ్చేది. మాస్టారు కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టడం నేర్పేవారు. అందరూ ఆయన్ని సార్ అనేవారు, మాస్టారూ అని నేనొక్కదాన్నే.

ఆయన చెయ్యి ఊరికే ఉండేది కాదు. బస్సెక్కితే ఇంజను పక్క రేకు మీద, ఎవరి స్కూటీ ఆగితే దాని మీద, చర్చిలో జ్వరమొచ్చిన పిల్లల నుదుటి మీద. ఇనుముని ముట్టుకునేటప్పుడు ముందు చేతి వెనకవైపు ఆనించి, తర్వాతే అరచెయ్యి పెట్టేవారు. ఎందుకండీ ఆ తిప్పుడు అని అడిగాను. "కరెంటుంటే వేళ్ళు ముడుసుకుంటయ్ మేడం. అరసెయ్యి వెడితే పట్టుకుంటది. ఎనకదిక్కు వెడితే సెయ్యి దానంతటదే ఎగిరొస్తది" అన్నారు. ఆ రోజు ఇంటికెళ్ళి ఫ్రిజ్‌ని కూడా అలాగే ముట్టుకున్నాను. మా ఆయన నవ్వారు.

మోటారు పని బాగా కుదిరిందని ఆయనకు తెలిసేది ఆ అరచేతిలోనే. మీటర్లు పెట్టి చూసేవారు, చూడకుండా ఎప్పుడూ వదల్లేదు. కానీ అవన్నీ అయ్యాక మోటారు నడుస్తుండగా వదిలేసి, "అన్నం తిని వచ్చేదాక నడువనియ్యి" అని అందరినీ భోజనానికి తోలేవారు. తిరిగొచ్చాక ముందు మోటారు చుట్టిన విద్యార్థి చెయ్యి, దాని పక్కన ఆయన చెయ్యి. మరి మీటరు దేనికి మాస్టారూ అంటే, "మీటరు ఇప్పటి సంగతి జెప్తది. సెయ్యి ముంగటి సంగతి జెప్తది" అనేవారు. అదెలాగో ఎంత అడిగినా నాకు అర్థమయ్యేలా చెప్పలేకపోయారు. నేనూ అడగడం మానలేదు.

ఇప్పుడు సల్ల సంగతి. మేము మజ్జిగ అనేదాన్ని ఇక్కడ సల్ల అంటారు. మొదటి విదేశీ బ్యాచ్‌లో ఒక ఘనా యువకుడికి తెలుగులో వచ్చిన మాటలు అన్నం, పప్పు, సల్ల. అన్నీ మెస్‌లో నేర్చినవే. ఒకరోజు మాస్టారు అతని మోటారు మీద చెయ్యి పెట్టి, తల అడ్డంగా ఊపి, "ఇంక సల్లగ గావాలె" అన్నారు. ఇంకా చల్లబడాలి అని. మాస్టారి జోరులో 'సల్లగ గావాలె' కాస్తా 'సల్ల గావాలె' అయిపోయింది. అతను మెస్‌కి పరుగెత్తి గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. మాస్టారు గ్లాసుకేసి చూశారు, మోటారుకేసి చూశారు, అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టి ఆగలేక బల్ల పట్టుకున్నారు. అతను బిక్కమొహం వేసుకుని నన్ను అడిగాడు, ఉప్పు ఎక్కువైందా అని.

కొన్నాళ్ళకు అతని మోటారు నిజంగానే చల్లగా నడిచింది. మాస్టారు తన భోజనం సంచిలోంచి అక్క పంపిన స్టీలు డబ్బా తీసి, తన మజ్జిగ గ్లాసులో పోసి అతని చేతికిచ్చారు. "సల్లగయింది. ఇగ సల్ల తాగు బిడ్డా." అంతే, అది ఆచారమైపోయింది. ఆ డబ్బాలో పట్టేది ఒక్క మనిషికి సరిపడానే. ఎవరికైనా ఇచ్చిన రోజు మాస్టారు పప్పన్నంతో సరిపెట్టుకుని, సాయంత్రం ఇంటికెళ్ళగానే గుమ్మంలోనే మజ్జిగ అడిగేవారట. "గప్పుడు నాకు ఎర్కయ్యేది మేడం, ఇయ్యాల ఎవలిదో సల్లగయిందని" అని అక్క చెప్పేది.

మా కేంద్రం ప్రతి బ్యాచ్‌లో ఒక విదేశీ విద్యార్థికి ఉత్తమ శిక్షణార్థి అని షీల్డు ఇస్తుంది. మార్కులు, హాజరు, మౌఖిక పరీక్ష అన్నీ చూసి కమిటీ పేరు తేలుస్తుంది. మాస్టారు ఆ కమిటీలో ఉండేవారు, బుద్ధిగా సంతకం పెట్టేవారు, షీల్డు వచ్చినవాళ్ళకు గట్టిగా చప్పట్లు కొట్టేవారు. "షీల్డు మీది మేడం. సల్ల నాది" అనేవారు నాతో. రెండింటికీ ఎప్పుడూ గొడవ రాలేదు. ఒక్కసారి తప్ప.

ఆ ఏడు షీల్డు టాంజానియా అమ్మాయికి వచ్చింది. పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఊరు ఆమెది. మన శామీర్‌పేట చెరువు చూపిస్తే, "మా చెరువుకి అవతలి గట్టు కనపడదు మేడం" అని నవ్వింది. వాళ్ళ ఊళ్ళో నీళ్ళ పంపు కాలిపోతే ఎక్కడికో మోసుకెళ్ళాలట. తానే దుకాణం పెట్టాలని వచ్చింది. అందరూ ఒకటి చుట్టేలోపు సగం చుట్టేది కానీ, ఆ సగంలో తప్పు పట్టడానికేమీ ఉండేది కాదు. కమిటీ ఆమె మోటారు కాసేపు నడిపి, మీటర్లు చూసి, ఒక్క మాట మీద ఆమె పేరు రాసింది.

ఆ మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆమె చెయ్యి పక్కన మాస్టారు చెయ్యి పెట్టారు. కాసేపటికి ఆమె చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని మోటారు ఒక చివరికి జరిపారు. "గీడ సూడు. ఏమన్న తెలుస్తాందా?"

"వేడి" అంది ఆమె, చాలా చిన్నగా.

"మస్తు జేసినవ్ బిడ్డా. నీ తీగల తప్పులేదు. గని మూత బోల్టులు ఒక దిక్కు మొత్తం బిగిచ్చి ఇంకో దిక్కు వోయినవ్. మూత ఇసుమంత వొంగింది. బేరింగు మీద వడ్తాంది."

ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలని ఆయన మొదటి వారంలోనే చెప్పారు. అది కమిటీ చూసే విషయమూ కాదు, అంత కొద్దిసేపట్లో బయటపడే విషయమూ కాదు. మాస్టారు డబ్బా మూత తీయలేదు.

సభలో షీల్డు తీసుకుని వచ్చాక ఆమె నా గదిలో కూర్చుని ఏడ్చింది. "షీల్డు చూసి జనం దుకాణానికి వస్తారు మేడం. కానీ నా పని నిజంగా బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది? అక్కడ నాకు చెప్పేవాళ్ళెవరున్నారు?" అంది. షీల్డు అందుకున్నవాళ్ళు అలా ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాడు మధ్యాహ్నం విమానాశ్రయానికి వ్యాన్. ఆమె పొద్దున్నే వచ్చి మూత విప్పి మళ్ళీ బిగించింది. మోటారు తిప్పింది. కాసేపు కాకముందే కరెంటు పోయింది. అందరం గేటు వైపు, స్తంభం వైపు చూస్తూ కూర్చున్నాం. కరెంటు రాలేదు, వ్యాన్ వచ్చింది. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఆమె మాస్టారి భోజనం సంచి వైపు చూసింది.

నాకు ఒళ్ళు మండింది. "ఒక్క గ్లాసు మజ్జిగకేమొచ్చింది మాస్టారూ! ఇచ్చేయండి, పాపం అంత దూరం వెళ్ళే పిల్ల."

"ఇయ్యొచ్చు మేడం. గిప్పుడిస్తే గది ఉత్త సల్లే అయితది" అన్నారు. ఆమె తల మీద చెయ్యి పెట్టి, "సల్లగుండు బిడ్డా" అన్నారు. దీవెనకి కూడా వాళ్ళది అదే మాట. వ్యాన్ కదిలింది.

కరెంటు వచ్చాక మీరే నడిపి చూసి చెప్పొచ్చుగా అని తర్వాత పోట్లాడాను. "ఆమె సెయ్యి పక్కన లేకుంట నేనొక్కన్ని సూసుడెందుకు? సల్లగ అంటే ఎట్లుంటదో ఆమె సేతికి ఎర్క గావాలె గద" అన్నారు. అప్పటిదాకా ఆయన పరీక్ష చేస్తున్నారని అనుకునేదాన్ని. ఆఖరి నిమిషం దాకా ఆయన పాఠమే చెబుతున్నారని అప్పుడు తెలిసింది.

ఆమె దుకాణం పెట్టింది. మోటారు చుట్టినప్పుడల్లా నాకు వీడియో కాల్ చేసి మాస్టారికి చూపించమనేది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఒకసారి ఫోన్ తెర మీద అరచెయ్యి కూడా పెట్టారు. "గీ ఫోనే ఏడిగున్నది మేడం" అని నవ్వారు. తర్వాత ఆమెతో, "ఫోన్ల సెయ్యి వెట్టుడెట్ల బిడ్డా?" అన్నారు. ప్రతిసారీ ఆమె అడిగేది, ప్రతిసారీ ఆయన అదే మాట అనేవారు. అది వాళ్ళిద్దరి పలకరింపు అయిపోయింది. కానీ ఆ గ్లాసు ఇవ్వలేకపోయానని ఆయనకు లోపల ఉండేది. ఒకసారి డబ్బా కడుక్కుంటూ, "ఆ పిల్లది ఒక్కటి ఉండిపాయె" అన్నారు.

ఈ ఏడాది బ్యాచ్‌లో టాంజానియా నుంచి ఒకాయన వచ్చాడని మొదట్లో చెప్పాను కదా. నడివయసు మనిషి, ఆమె దుకాణంలో పని నేర్చినవాడు. ఆ సంగతి మాస్టారికి చెప్పొద్దని ఆమే అన్నదట. మొదటివారం మాస్టారు ఇంకా మూత గురించి పాఠం మొదలుపెట్టలేదు. ఆ టాంజానియా ఆయన మాత్రం మూత పెట్టి, ఒక బోల్టు కాస్త, దాని ఎదురుది కాస్త, మళ్ళీ ఇది, మళ్ళీ అది బిగించుకుంటూ వచ్చాడు. మోటారు తిప్పి, దాన్నలాగే నడవనిచ్చి, ఎవరూ చెప్పకుండానే భోజనానికి లేచాడు. మాస్టారు తన పని ఆపి అదంతా చూశారు.

తిరిగొచ్చాక ఇద్దరూ పక్కపక్కన చేతులు పెట్టారు. మాస్టారు చాలాసేపు చెయ్యి తీయలేదు. "నీకెవరు నేర్పిన్రు?" అని అడిగారు. నేను మాట అందించేలోపే ఆయన ఫోన్ తీసి ఆమెను కలిపాడు.

మాస్టారు డబ్బా తీశారు. గ్లాసులో పోసి టాంజానియా ఆయన చేతికిచ్చి, "గిది నీది గాదు. మీ మేడంది. ఆమె పేరు మీద నువ్వు తాగు" అన్నారు. ఆయన నిలబడి తాగాడు. తెరలో ఆమె ఖాళీ చెయ్యిని గ్లాసు పట్టుకున్నట్టు నోటి దగ్గర పెట్టుకుని, తల వెనక్కి వాల్చి, తాను కూడా తాగింది. ఆ సాయంత్రం గుమ్మంలో మజ్జిగ అడిగితే అక్క, "ఇయ్యాల ఎవలిది సల్లగయింది?" అందట. "దూరపు బిడ్డది" అన్నారట.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు కేంద్రానికి వెళ్తూ అక్కను చూడటానికి ఆగాను. అక్క లోపలికి వెళ్ళి ఆ స్టీలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "పొద్దుగాల అలవాటుల సల్ల జేసిన మేడం. డబ్బల వోసినంక యాదికొచ్చింది. ఎవలిదన్న సల్లగైతే ఇయ్యుండ్రి."

వర్క్‌షాప్‌లో నేపాల్ అమ్మాయి చుట్టిన మోటారు సిద్ధంగా ఉంది. తిప్పాం. నడవనిచ్చి భోజనానికి వెళ్ళాం, ఎవరికీ సహించలేదు, అయినా మామూలుగా తినేంతసేపూ కూర్చుని వచ్చాం. అందరూ నా వైపూ నా చేతిలోని డబ్బా వైపూ చూశారు. నాకేం తెలుసు? టాంజానియా ఆయన కూడా తల అడ్డంగా ఊపి, ఫోన్ తీసి తనకు పని నేర్పిన ఆమెను కలిపాడు. తెరలో ఆమె కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఎంతసేపు నడిచిందని అడిగింది. చెప్పాను. ఫోన్ మోటారు దగ్గర పెట్టాను, విన్నది.

"ఏమంటావమ్మా? ఇవ్వమంటావా?"

ఆమె తన యాసలోనే, ఒక్కొక్క మాటే కూడదీసుకుని అంది. "ఫోన్ల సెయ్యి వెట్టుడెట్ల, మేడం?"

నేపాల్ అమ్మాయి ముందు చేతి వెనకవైపు ఆనించి, తర్వాత అరచెయ్యి పెట్టింది. ఆమె పక్కన టాంజానియా ఆయన, తర్వాత ఘనా వాళ్ళు, తర్వాత మిగిలినవాళ్ళు. చోటు చూసుకుని నేనూ పెట్టాను. సన్నగా వణుకుతున్న ఇనుము తప్ప నాకేమీ తెలియలేదు. ఎవరూ చెయ్యి తీయలేదు. బల్ల మీద డబ్బా మూత ఇంకా వేసే ఉంది.