మండితేనే మందు

డెబ్బైల్లో మా కంకిపాడులో తామరకు మందంటే మండి తీరాలి. మండకపోతే షాపువాడు మోసం చేశాడని తిట్టుకునేవాళ్ళు.

నా కుడి మణికట్టు మీద రూపాయి బిళ్ళంత తామర లేచేసరికి అమ్మ బెజవాడ వన్‌టౌన్ దాకా వెళ్ళి, "బాగా ఘాటైంది ఇవ్వండి" అని అడిగి మరీ ఒక ట్యూబు తెచ్చింది. నేనప్పుడు రోజూ బస్సులో బెజవాడ వెళ్ళి టైపు నేర్చుకుంటున్నాను. హయ్యర్ పరీక్ష పాసైతే ఒక ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు. దాంతో నా చెయ్యి నాకంటే అమ్మకే ముఖ్యమైపోయింది. సాయంత్రం ప్రార్థన కాగానే నన్ను కూర్చోబెట్టి తన వేలితో మందు రాసేది.

మొదట్లో దురద తగ్గింది. తర్వాత మంట మొదలైంది.

"మండిపోతందే అమ్మా!"

"మండితేనే పనిచేస్తన్నట్టు. కాస్త ఓర్చుకో."

చెయ్యి ఎర్రబడితే ఇంకాస్త దట్టంగా పట్టించింది. పొక్కులు లేస్తే లోపలి విషం బయటికొస్తోందని సంబరపడింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. అయినా చెయ్యి చాపేదాన్ని. నేనూ ఆ ఊరి పిల్లనే కదా!

రేపు పరీక్షనగా పొద్దున్నే లేస్తే ఒక కన్ను తెరుచుకోలేదు. చేత్తో తడుముకోబోయి ఆ చేతిని చూసి కేక పెట్టాను. మోచేతి దాకా వాచి, నీరు కారుతోంది. వేళ్ళు ముడుచుకోవడం లేదు. అది నా చెయ్యంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. అమ్మ ఆ ట్యూబు కొంగున ముడేసుకుని నన్ను బస్సెక్కించింది.

బెజవాడలో డాక్టరుగారు చేతిని, ట్యూబుని మార్చి మార్చి చూశారు.

"తామర ఎప్పుడో మానిందమ్మా. ఇదంతా మందు వల్లే. అమ్మాయి ఒంటికి పడలేదు. ఆ చేత్తోనే కన్ను నలుపుకుని ఉంటుంది."

మానిపోయిన జబ్బుకా ఇన్నాళ్ళూ మందు రాసుకున్నాం?

"నా వేలితోనే రాశానండీ! నాకేం కాలేదే?" అంది అమ్మ.

"మీకు పడింది, తనకి పడలేదు. అంతేనండి."

పరీక్ష పోయింది. ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చారు. చెయ్యి మాత్రం మచ్చ లేకుండా మానింది, తర్వాత విడత పరీక్ష కూడా పాసయ్యాను. అమ్మే మారిపోయింది. తలంటు రోజున నూనె గిన్నె తెచ్చి నా ముందు పెట్టేది. "నువ్వు రాయవే" అని ఎంత బతిమాలినా, చేతులు కొంగులో చుట్టుకుని దూరంగా కూర్చునేది.